మూడు పూటలా, మధ్యలో మరో మూడుసార్లు

తిండి చుట్టూ అల్లుకునే మానసిక జబ్బుల గురించి హైదరాబాద్ పాఠకులు పంపిన ప్రశ్నలకు మానసిక వైద్యులు, పోషకాహార నిపుణులు కలిసి ఇచ్చిన జవాబులివి. ఉత్తరాల్లోంచి పేర్లు తీసేశాం. వాటితోపాటు బరువుల అంకెలు, క్యాలరీల లెక్కలు కూడా తీసేశాం. ఈ జబ్బున్న అమ్మాయి చేతికి పత్రిక వెళితే ‘ఆమె అంతకు దిగింది, నేనింకా దిగలేదు’ అని లెక్కేసుకుంటుంది. గరిటెలు, గ్లాసులు, గంటలు మాత్రం ఉంచాం. అవి మందు మోతాదుల్లాంటివి.

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. హాస్టల్లో ఉండి ఇంటర్ బైపీసీ చదువుతోంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు చూస్తే భుజాల ఎముకలు బయటికొచ్చి ఉన్నాయి. ఒక్క ఇడ్లీని పదహారు ముక్కలు చేసి ముప్పావు గంట తింటుంది. తమ్ముడికి మాత్రం వీడియోలు చూసి కేకులు చేసి పెడుతుంది, తను ముట్టదు. నాలుగు నెలలుగా నెలసరి లేదు. రక్తపరీక్షలు చేయిస్తే అన్నీ నార్మల్ అన్నారు. మా అత్తగారేమో మొండితనం, రెండు తగిలిస్తే అదే తింటుంది అంటున్నారు. ఏం చేయాలి? – ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: మీరు రాసినవన్నీ కలిపి చూస్తే అనొరెక్సియా నెర్వోసా, అంటే లావైపోతానన్న భయంతో తిండి తగ్గించేసుకునే జబ్బు అనిపిస్తోంది. నిర్ధారించాల్సింది ఎదురుగా చూసిన డాక్టరే. ఆ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూస్తూనే ఈ వారంలో మీరు చేయాల్సినవి ఉన్నాయి.

ముందు ఆ పదహారు ముక్కల సంగతి. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు, వాళ్ల ఇష్టంతోనే, 24 వారాల పాటు అరకొర తిండి పెట్టి గమనించారు. బరువులో దాదాపు నాలుగో వంతు పోయేసరికి వాళ్లు వంటల పుస్తకాలు పోగేయడం, కంచంలో ఉన్నదాన్ని చిన్నచిన్న ముక్కలు చేసి సాగదీసి తినడం, కంచాలు నాకడం, స్నేహితులకు దూరంగా ముడుచుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. వాళ్లెవరూ సన్నబడాలని కోరుకున్నవాళ్లు కారు. కడుపు మాడిన మెదడు అలాగే ప్రవర్తిస్తుంది. మీ అమ్మాయి కేకులు చేసి తమ్ముడికి పెట్టడం కూడా ఇందులో భాగమే. తిండి గురించిన ఆలోచన ఆమెను వదలడం లేదు, తినడానికి జబ్బు ఒప్పుకోవడం లేదు. కొడితే ఆ భయానికి ఇంకో భయం తోడవుతుంది, అంతే.

రక్తపరీక్షలు నార్మల్ రావడం ఈ జబ్బులో మామూలే. శరీరం కండను, ఎముకను కరిగించుకుని మరీ రక్తంలోని లెక్కలను సరిగ్గా నిలబెట్టుకొస్తుంది. ఆ లెక్కలు తప్పేసరికి చాలా ఆలస్యమైపోయి ఉంటుంది. కాబట్టి ఇంట్లోనే ఈ రెండు చూడండి. పొద్దున మంచం దిగకముందే, ఐదు నిమిషాలు పడుకున్నాక మణికట్టు దగ్గర నాడి పూర్తి నిమిషం పాటు లెక్కపెట్టండి. తర్వాత నిలబెట్టి రెండు నిమిషాలాగి మళ్లీ లెక్కపెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు 50 కంటే తక్కువున్నా, నిలబడగానే పడుకున్నప్పటి లెక్క కంటే 40కి మించి పెరిగినా, కళ్లు తిరిగి పడిపోయినా, ఒంటి వేడి 96 ఫారెన్‌హీట్ కంటే తగ్గినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. అక్కడ ఈసీజీ తీయమని, పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం, షుగర్ చూడమని, పడుకోబెట్టి ఒకసారి నిలబెట్టి ఒకసారి బీపీ చూడమని అడగండి. మామూలు ప్యాకేజీ పరీక్షల్లో ఫాస్ఫేట్ చాలాసార్లు ఉండదు.

ఇక్కడో హెచ్చరిక. గత పది రోజులుగా దాదాపు ఏమీ తినకుండా ఉన్నా, మూడు నుంచి ఆరు నెలల్లో బరువులో 15 శాతానికి మించి తగ్గినా, పాపం ఎండిపోయిందని ఇంట్లో ఒక్కసారిగా కుక్కి కుక్కి పెట్టకండి. చాన్నాళ్లు మాడిన ఒంట్లోకి పిండిపదార్థం రాగానే ఇన్సులిన్ ఎగుస్తుంది. రక్తంలో మిగిలిన కాస్త ఫాస్ఫేట్‌ను, పొటాషియాన్ని, మెగ్నీషియాన్ని కణాల్లోకి లాగేస్తుంది. గుండె లయ తప్పొచ్చు, ఊపిరాడకపోవచ్చు, కాళ్లు వాయొచ్చు. తిండి మళ్లీ మొదలుపెట్టిన మొదటి వారం, పది రోజులు ఈ ముప్పు ఎక్కువ. అలాంటివాళ్లకు ఆసుపత్రిలో ముందు థయామిన్, అంటే బి1 విటమిన్ ఇచ్చి, రోజూ రక్తపరీక్ష చూసుకుంటూ తిండి పెంచుతారు.

ఆ ప్రమాదం లేదని డాక్టరు చెప్పాక ఇంటి వైద్యం మొదలవుతుంది. దీన్ని కుటుంబ ఆధారిత చికిత్స అంటారు. లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో 1980లలో రూపుదిద్దుకుంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ముందుగా ఎంచుకునేది ఇదే. పద్ధతి వినడానికి చాలా సాదా: ఏం తినాలి, ఎంత తినాలి, ఎప్పుడు తినాలి అన్న నిర్ణయం కొన్నాళ్లు పూర్తిగా అమ్మానాన్నలది. జ్వరంలో ‘నీకు ఏ మందు కావాలమ్మా’ అని పిల్లల్ని అడగం కదా.

రోజుకు ఆరుసార్లు. టిఫిన్, పదకొండింటికి ఒకటి, మధ్యాహ్న భోజనం, సాయంత్రం ఒకటి, రాత్రి భోజనం, పడుకునేముందు ఒకటి. వడ్డించేది మీరు. ఆమె వంటింట్లోకి రాకూడదు, నూనె ఎంత పోశారో చూడకూడదు, తూచకూడదు. భోజనానికి అరగంట, చిరుతిండికి పావుగంట. తినేంతసేపూ పక్కన ఒకరు కూర్చోవాలి. తిన్నాక ఒక గంట ఎవరో ఒకరు తోడుండాలి, ఆ గంటలో బాత్‌రూమ్ వద్దు. ముందే వెళ్లి రమ్మనండి.

పరిమాణం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. పొట్ట చిన్నబోయి ఉంటుంది, నాలుగు ముద్దలకే ఉబ్బరమంటుంది. అది నటన కాదు. మాడిన జీర్ణకోశం నిజంగానే నెమ్మదిగా ఖాళీ అవుతుంది. అరుగుదల సిరప్‌లతో పోయేది కాదు, కొన్ని వారాలు క్రమంగా తింటేనే తగ్గుతుంది. కాబట్టి కంచం పెద్దది చేయకుండా ముద్దలో బలం పెంచాలి. రెండు ఇడ్లీలతో మొదలైతే వాటి మీద కారప్పొడి, రెండు చెంచాల నెయ్యి, పక్కన గట్టి పల్లీ చట్నీ. ముద్దపప్పు అన్నంలో నెయ్యి మీరే కలిపి ఇవ్వండి. పెరుగు మీగడతో. చారు, మజ్జిగ, కీరా ముక్కలు పొట్టను నింపేస్తాయి, శక్తి ఇవ్వవు; కొన్నాళ్లు పక్కన పెట్టండి. పడుకునేముందు ఒక సున్నుండ, ఒక గ్లాసు చిక్కటి పాలు. మినప్పప్పు, బెల్లం, నెయ్యి ఒక్క పిడికిట్లో ఉండే సున్నుండను మించిన సప్లిమెంట్ ఏ మెడికల్ షాపులోనూ లేదని మా అభిప్రాయం. మొదటి రోజుల్లో ఆమె దాన్ని చేత్తో పట్టుకుని అరగంట ఏడవొచ్చు. నెయ్యి వేళ్లకు అంటిందని టిష్యూతో తుడుచుకుంటుంది, పొడిపొడిగా నలిపి ఒళ్లో రాలుస్తుంది. అరవకండి. ‘ఇది నీకు ఎంత కష్టమో తెలుసు. తినేదాకా నేనిక్కడే ఉంటా’ – ఈ రెండు మాటలే పదిసార్లు చెప్పండి. నలిపినంత మళ్లీ పెట్టండి.

బేరాలు మొదలవుతాయి. సున్నుండ బదులు ఆపిల్, పాల బదులు గ్రీన్ టీ. ఒక్కసారి ఒప్పుకుంటే మర్నాడు బేరం ఆపిల్ దగ్గర మొదలవుతుంది. ఇంట్లో పెద్దలంతా ఒకే మాట మీద ఉండాలి. నాన్న వడ్డించినదాన్ని నానమ్మ జాలిపడి తీసేస్తే జబ్బుకు సందు దొరికినట్టే. అందుకే మీ అత్తగారిని కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

తూకం వారానికి ఒక్కసారే, క్లినిక్‌లో, నీళ్లు పట్టించి రాకుండా మూత్రానికి వెళ్లొచ్చాక. బయట ఉండి చికిత్స పొందేవాళ్లలో వారానికి అరకిలో అటూ ఇటూగా పెరగడం చాలు. ఇంట్లో ఉన్న తూకం మిషన్ పక్కింట్లో పెట్టండి. కాస్త కోలుకున్నాక ‘ముఖం తేటపడిందే’ అని చుట్టాలు మెచ్చుకుంటే ఆమెకు ‘లావయ్యావు’ అని వినపడుతుంది. ఇంటికొచ్చేవాళ్లను వాకిట్లోనే హెచ్చరించండి: ఒంటి గురించి మంచీ వద్దు, చెడూ వద్దు.

హాస్టల్ విషయం మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఆరు పూటలూ పక్కన కూర్చునేవాళ్లు హాస్టల్లో ఉండరు. ఇంటికి తెచ్చేయండి. నీట్ మళ్లీ రాయొచ్చు. ఎముకల్లో చేరాల్సిన బలంలో ఎక్కువ భాగం ఈ వయసులోనే చేరుతుంది. ఇప్పుడు పోయినదాన్ని తర్వాత పూర్తిగా పూడ్చుకోవడం కష్టం.

ప్రశ్న: నా వయసు 23. మాదాపూర్‌లో ఉద్యోగం, హాస్టల్లో ఉంటాను. పగలంతా కాఫీతో, ఒక ఆపిల్‌తో గడుపుతాను. రాత్రి పదకొండు తర్వాత బిర్యానీ, ఐస్‌క్రీమ్, చిప్స్ ఆర్డర్ పెట్టి ఆపకుండా తింటాను. తర్వాత వాంతి చేసుకుంటాను. కొన్నిసార్లు విరేచనాల మాత్రలు. బయటికి నేను సన్నగా, బాగానే కనిపిస్తాను. రెండేళ్లయింది. పళ్లు జివ్వుమంటున్నాయి. నాకు నేనే అసహ్యంగా అనిపిస్తాను. – పేరు వద్దు

జవాబు: దీని పేరు బులీమియా. 1979లో జెరాల్డ్ రస్సెల్ అనే బ్రిటిష్ వైద్యుడు దీన్ని విడిగా గుర్తించి రాశారు. ఇందులో బరువు చాలావరకు మామూలుగానే ఉంటుంది కాబట్టి పక్క మంచం మీద పడుకున్న స్నేహితురాలికి కూడా తెలియదు. వారానికి ఒక్కసారి చొప్పున మూడు నెలలు జరిగితే చాలు, జబ్బుగానే లెక్క. బాగా నయమయ్యే జబ్బు ఇది.

మీరు రాత్రి పదకొండింటి తప్పునే చూస్తున్నారు. మేం పొద్దున్న కాఫీని చూస్తున్నాం. పద్నాలుగు గంటలు మాడ్చిన శరీరం రాత్రికి కట్టలు తెంచుకుంటుంది. వాంతితో భయం తగ్గుతుంది, మర్నాడు ‘నిన్నటిది సరిచేయాలి’ అని మళ్లీ మాడుస్తారు. ఈ గొలుసును రాత్రి దగ్గర తెంపడం ఎవరి తరమూ కాదు. పొద్దున తెంపాలి.

ఎనిమిదిన్నరకు టిఫిన్: రెండు దోసెలు, లేదా మూడు ఇడ్లీలు, చట్నీతో. పదకొండుకు అరటిపండు, గుప్పెడు పల్లీలు. ఒకటిన్నరకు అన్నం, పప్పు, కూర, పెరుగు, మొత్తం భోజనం. ఐదింటికి టీతో ఒక సమోసానో, రెండు బిస్కెట్లో, ఏదైనా. ఎనిమిదిన్నరకు రాత్రి భోజనం. పదిన్నరకు పాలు. రెండు తిండ్ల మధ్య నాలుగు గంటలు దాటకూడదు. ఆకలి వేసిందా లేదా అని చూసుకోవద్దు. మీ ఆకలి గడియారం పాడైంది, కొన్నాళ్లు గోడ గడియారమే దిక్కు. నైట్ షిఫ్ట్ అయితే లేచిన గంటలోపు మొదటి తిండి, అక్కడి నుంచి అదే లెక్క. రాత్రి అదుపు తప్పినా సరే, మర్నాడు ఎనిమిదిన్నర టిఫిన్ మానకూడదు. నియమాలన్నింటిలో ఇదే కష్టం, ఇదే ముఖ్యం. బరువు పెరిగిపోతుందని భయపడతారు. ఇలా క్రమంగా తినే బులీమియా రోగుల్లో సగటున పెద్దగా మార్పు ఉండదు.

ఒక చిన్న నోట్‌బుక్‌లో టైమ్, తిన్నది, ఎక్కడ, ఎవరితో, అప్పటి మనసు రాయండి. అదుపు తప్పినచోట చుక్క పెట్టండి. క్యాలరీలు రాయొద్దు. రెండు వారాలకే చుక్కలన్నీ ఎక్కడ పడుతున్నాయో కనిపిస్తుంది: జీతం పడిన రోజా, ఇంటి నుంచి పెళ్లి సంబంధాల ఫోన్ వచ్చిన రోజా, మధ్యాహ్నం మీటింగ్ వల్ల భోజనం పోయిన రోజా. ఆర్డర్ యాప్‌లో సేవ్ చేసిన కార్డు తీసేయండి. ఆ కోరిక అలలా లేచి, తొందరపడకపోతే కాసేపటికి పడిపోతుంది. ఆ సమయంలో గదిలో ఒంటరిగా ఉండకుండా కామన్ హాల్లోకో, డాబా మీదికో వెళ్లండి.

మాత్రల గురించి. విరేచనాల మందులు పనిచేసేది పెద్దపేగులో. తిన్నదాని సారం అంతకుముందే చిన్నపేగులో ఒంటికి పట్టేసి ఉంటుంది. పోయేది నీళ్లు, లవణాలు. మానేసిన మొదటి ఒకటి నుంచి మూడు వారాలు ఒళ్లు నీరు పట్టి తూకం పెరిగినట్టు చూపిస్తుంది. అది కొవ్వు కాదు, దిగిపోతుంది. ఆ వారాల్లో భయపడి మళ్లీ మాత్ర మింగేవాళ్లే ఎక్కువ. వాంతి కూడా తిన్నదంతా బయటికి తేలేదు, చాలా భాగం లోపలే ఉండిపోతుంది.

వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకండి. ఆమ్లం తగిలి మెత్తబడిన ఎనామెల్‌ను బ్రష్ గీకేస్తుంది. గ్లాసు నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి, బ్రష్‌కు కనీసం అరగంట, వీలైతే గంట ఆగండి. దంతవైద్యుడికి నిజం చెప్పండి. ముందుపళ్ల వెనకవైపు అరుగుదల చూస్తే ఆయనకు ఎలాగూ అర్థమవుతుంది.

వాంతులతో పొటాషియం పడిపోతుంది. గుండె దడ, కండరాల నీరసం, పిక్కలు పట్టేయడం ఉంటే ఆ రోజే పొటాషియం పరీక్ష, ఈసీజీ చేయించండి. కొబ్బరినీళ్లు తాగి సరిపెట్టుకోవద్దు. వాంతిలో రక్తం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి.

చికిత్సగా ఈ జబ్బు కోసమే రూపొందించిన సీబీటీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్స ఉంది, దాదాపు 20 వారాలు, 20 సిట్టింగులు. మందుల్లో ఫ్లూఆక్సెటిన్‌కు బులీమియాలో మంచి ఆధారాలున్నాయి. డిప్రెషన్‌కు వాడే మోతాదు కంటే ఎక్కువ కావాల్సి వస్తుంది కనుక సొంతంగా కొని వేసుకునేది కాదు. ఒక మాట డాక్టరుకు తప్పక చెప్పండి: వాంతులు చేసుకుంటున్నానని. బుప్రోపియాన్ అనే డిప్రెషన్ మందు బులీమియా, అనొరెక్సియా ఉన్నవాళ్లకు ఫిట్స్ తెప్పించే ప్రమాదం ఉంది, ఇవ్వకూడదు. మీరు దాచిపెడితే వాళ్లకు తెలియదు.

ప్రశ్న: కార్తీకమాసం వస్తోంది. మా మనవరాలు ఏడాది చికిత్స తర్వాత ఇప్పుడిప్పుడే తింటోంది. సోమవారాలు ఉపవాసం ఉంటానంటోంది. దేవుడి పనిని వద్దంటే దోషమేమో అని మా భయం. – ఒక నానమ్మ, మల్కాజిగిరి

జవాబు: వద్దనండి. రోగులకు, పిల్లలకు ఉపవాస నియమం వర్తించదని మన పెద్దలే చెబుతారు. రంజాన్ రోజాల విషయంలోనూ జబ్బుతో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. ఇదే ప్రశ్న పాతబస్తీ నుంచి రాసిన పాఠకురాలికి కూడా ఇదే జవాబు. నక్షత్రం కనిపించేదాకా కడుపు ఖాళీగా ఉంటే వచ్చే ఆ తేలికపాటి మత్తు ఈ జబ్బుకు పాత నేస్తం. ఒక్క సోమవారం చాలు, దాన్ని మళ్లీ గుర్తు చేయడానికి. పైగా ఇంట్లో ఎవరూ అడగని, అందరూ మెచ్చుకునే ఆకలి అది. దీపం పెట్టడం, అభిషేకం, ఉసిరి చెట్టు కింద వనభోజనం ఆమెకు అప్పగించండి. వనభోజనంలో వడ్డన మాత్రం మీది.

ప్రశ్న: పందొమ్మిదేళ్లు. ఆర్నెల్లుగా నెలసరి లేదు. స్కాన్‌లో పీసీఓడీ అని, బరువు తగ్గమని చెప్పారు. నేను ఇప్పటికే సన్నగా ఉన్నాను, రోజూ రెండు గంటలు పరిగెడతాను. – ఉప్పల్

జవాబు: రెండో అభిప్రాయం తీసుకోండి. ఒళ్లు ఖర్చుచేసే శక్తికి తగ్గ తిండి లేకపోతే మెదడు అండాశయాలకు సంకేతాలు ఆపేస్తుంది. అలాంటివాళ్ల స్కాన్‌లో కూడా నీటిబుడగల్లాంటివి కనిపించొచ్చు. స్కాన్ ఒక్కటే చూసి పీసీఓడీ అనడానికి లేదు. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రడయాల్, ప్రొలాక్టిన్, థైరాయిడ్ హార్మోన్ల పరీక్షలు చూడాలి. ఆర్నెల్లు దాటింది కాబట్టి ఎముకల సాంద్రత పరీక్ష కూడా అడగండి. హార్మోన్ మాత్రలతో వచ్చే రక్తస్రావం నెలసరి తిరిగి రావడం కిందికి రాదు, ఎముకల్ని కాపాడదు. పరుగు తగ్గించి, తిండి పెంచితే చాలామందికి నెలసరి మళ్లీ మొదలవుతుంది. బరువు తగ్గమన్న సలహా ఈ పరిస్థితిలో విషంతో సమానం.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో ఏడాది. రెండు పూటలా జిమ్. చికెన్ వంటింటి కాటాలో తూచుకుని తింటాడు. అక్క పెళ్లిలో కూడా డబ్బా తెచ్చుకున్నాడు. కండలు తిరిగి ఉన్నా ‘నేను పుల్లలా ఉన్నాను’ అంటాడు. ఇది ఆరోగ్యమే కదా? – ఒక తండ్రి, వనస్థలిపురం

జవాబు: జిమ్‌ను తప్పుపట్టం. పెళ్లి భోజనాల బంతిలో డబ్బా విప్పడం దగ్గర ఆగి ఆలోచించాలి. కండలున్నా లేవనిపించే ఈ స్థితిని మజిల్ డిస్‌మార్ఫియా అంటారు. మగపిల్లల్లో తిండి జబ్బులు కొన్నిసార్లు ఈ వేషంలో వస్తాయి, ఇంట్లో గర్వంగా చూస్తారు.

అడిగి చూడండి: జ్వరంలోనూ జిమ్‌కు వెళ్తున్నాడా? ఒక రోజు పోతే చిరాకు, అపరాధభావం ఉంటాయా? ఫొటోల ముందు ఉప్పు, నీళ్లు మానేస్తున్నాడా? ‘కటింగ్’ (కొవ్వు కరిగించడం) పేరుతో నెలలు మాడి, తర్వాత ఒక ఆదివారం అదుపు లేకుండా తింటున్నాడా? ఉప్పూనీళ్లూ మానడం వల్ల పొటాషియం, సోడియం అటూ ఇటూ అయి గుండెకు ముప్పు. సూదులు, పేరు లేని డబ్బాల పొడులు ఉన్నాయేమో గమనించండి. స్టెరాయిడ్లయితే లివర్, కొలెస్టరాల్, హార్మోన్ పరీక్షలు చేయించాలి. అకస్మాత్తుగా మాన్పించడం కూడా డాక్టరు పర్యవేక్షణలోనే జరగాలి, ఆ దశలో డిప్రెషన్ గట్టిగా పడుతుంది. డబ్బా లాక్కుంటే లాభం లేదు. వారంలో రెండు రాత్రులు ఇంట్లో అందరితో కూర్చుని, అందరూ తినేదే, కాటా లేకుండా తినాలన్న ఒప్పందంతో మొదలుపెట్టండి. దానికి ఎంత గిలగిల్లాడతాడో చూస్తే జబ్బు ఎంత లోతుందో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నలభై దాటాను, లావుగా ఉంటాను. అందరి ముందు రెండు పుల్కాలే. అందరూ పడుకున్నాక డబ్బాలో మైసూర్‌పాక్ అంతా ఖాళీ చేసి, డబ్బా కడిగి పెట్టేస్తాను. వాంతులేమీ చేసుకోను. ఇది నా బలహీనతేనా? – దిల్‌సుఖ్‌నగర్

జవాబు: డబ్బా కడిగి పెట్టేదాకా వెళ్లిందంటే అది బలహీనత దాటి బింజ్ ఈటింగ్ డిజార్డర్, అంటే పదేపదే అదుపు తప్పి తినే జబ్బు అయి ఉండొచ్చు. 2013లో మానసిక జబ్బుల వర్గీకరణలో దీనికి విడిగా చోటిచ్చారు. చికిత్స వరుస ముఖ్యం: ముందు అదుపు తప్పడం ఆగాలి, బరువు సంగతి తర్వాత. అందరూ చేసేది దీనికి తలకిందులు. రెండు పుల్కాల డైట్ మొదలుపెడతారు, అర్ధరాత్రి మైసూర్‌పాక్ దానికి బదులు చెబుతుంది. పైన మాదాపూర్ పాఠకురాలికి రాసిన వేళలే మీకూ పనికొస్తాయి. ఇంకొకటి: మైసూర్‌పాక్‌ను నిషేధించకండి. మధ్యాహ్నం భోజనం అయ్యాక, ఇంట్లోవాళ్ల ముందే, కంచంలో పెట్టుకుని ఒక ముక్క తినండి. చాటుగా తినాల్సిన అవసరం పోయిన కొద్దీ దాని పట్టు సడలుతుంది. బరువు తగ్గించే ఇంజెక్షన్లకో, సర్జరీకో వెళ్లాలనుకుంటే ఈ అలవాటు సంగతి ఆ డాక్టరుకు ముందే చెప్పండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో దీనికి ఎవరి దగ్గరికెళ్లాలి? ఇన్సూరెన్స్ వస్తుందా? ఎన్నాళ్లు పడుతుంది? – పలువురు

జవాబు: ఒక్కరితో అయ్యే పని కాదు. మానసిక వైద్యుడు, శరీరాన్ని చూసే ఫిజీషియన్ లేదా పిల్లల డాక్టర్, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్ట్, డైటీషియన్, నలుగురూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేచోటు చూసుకోండి. ప్రభుత్వ రంగంలో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ఎటు వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరులో మొదలైంది.

మొదటిసారి వెళ్లినప్పుడు ఈ మూడు అడగండి: ఇలాంటి కేసులు ఇంతకుముందు చూశారా? పిల్లల చికిత్సలో తల్లిదండ్రుల్ని కూర్చోబెడతారా? ప్రతిసారీ నాడి, బీపీ, తూకం చూస్తారా? క్యాలరీల చార్ట్ చేతిలో పెట్టి నెల తర్వాత రమ్మంటే అక్కడికి మళ్లీ వెళ్లక్కర్లేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని చెబుతోంది. ఆసుపత్రిలో చేరిస్తే క్లెయిమ్ పెట్టండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. కుటుంబ చికిత్సకు ఆరు నెలల నుంచి ఏడాది, బరువు బాగా తగ్గిన పెద్దవాళ్ల సీబీటీకి దాదాపు 40 వారాలు. తూకం ముందు కోలుకుంటుంది, ఆలోచనలు నెలల తర్వాత కోలుకుంటాయి. మధ్యలో ఆపేయడానికి కారణంగా అందరూ చెప్పేది ‘బరువు వచ్చేసింది కదా’ అనే.

ప్రశ్న: నేను హైస్కూల్ టీచర్‌ని. ఎనిమిదో తరగతికి ‘వారం రోజుల క్యాలరీ డైరీ’ ప్రాజెక్టు ఇవ్వమన్నారు. తరగతిలో అందరి బరువులూ చూసి బోర్డు మీద రాయాలట. మంచిదేనా? – సికింద్రాబాద్

జవాబు: రెండూ వద్దు. పదమూడేళ్ల పిల్ల చేతికి క్యాలరీ లెక్క నేర్పితే మిగతా తరగతికి అది మార్కుల పని, ఒకరిద్దరికి మాత్రం ఏళ్ల తరబడి వదలని లెక్క అవుతుంది. బదులుగా ‘మా ఇంట్లో నానమ్మ వండే ఐదు వంటలు, వాటిలోని పప్పు, ధాన్యం, ఆకుకూర’ రాయించండి. బరువు, ఎత్తు చూడాల్సిందే. కానీ ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి, అంకె పైకి చదవకుండా, గ్రోత్ చార్ట్‌లో చుక్క పెట్టి తల్లిదండ్రులకు కవర్లో పంపండి. ఎదిగే వయసులో బరువు తగ్గడమే కాదు, ఎత్తు పెరుగుతూ బరువు అక్కడే ఆగినా తగ్గినట్టే లెక్క; ముందు లావుగా ఉన్న పిల్ల చకచకా తగ్గితే చప్పట్లు కొట్టకుండా ఇంటికి కబురు పెట్టండి. ‘బొండాం’, ‘పుల్ల’, ‘గుమ్మడికాయ’ లాంటి పిలుపులు తరగతిలో వినపడితే అక్కడికక్కడ ఆపండి, స్టాఫ్‌రూమ్‌లో కూడా. లంచ్ బెల్ తర్వాత టిఫిన్ బాక్సు విప్పకుండా మూడు రోజులు వరుసగా లైబ్రరీలో కూర్చున్న పిల్లను గమనిస్తే నాలుగో రోజు మీరే పక్కన కూర్చుని మీ బాక్సు విప్పండి, ఆ సాయంత్రమే వాళ్లమ్మకు ఫోన్ చేయండి.